పలకల అతుకుకు ఏ క్లాంపులు కొనాలి?

ప్రశ్న: మాది పలాస దగ్గర ఉద్దానం పల్లె. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపానుకు మా తోటలో కూలిన పనస చెట్టును పలకలుగా కోయించి, ఇన్నాళ్లూ అటక మీద ఆరబెట్టాను. ఒక్కొక్కటి 5 అంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉంది. అయిదు పలకలను పక్కపక్కన ఫెవికాల్‌తో అతికించి 4 అడుగుల పొడవు భోజనబల్ల పైభాగం చేయాలని ఉంది. జిగురు ఆరేదాకా పలకలను బిగించి పట్టే క్లాంపులు అడిగితే, దుకాణంలో సి క్లాంపు, ఎఫ్ క్లాంపు, పైపు క్లాంపు, సాష్ క్లాంపు అని నాలుగు రకాలు చూపించారు. ఏవి కొనాలి, ఎన్ని కొనాలి? ఒక పలక అంచు కొద్దిగా వంకరగా ఉంది. గట్టిగా బిగిస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే కొనవలసిన క్లాంపులు దాని మీదే ఆధారపడి ఉంటాయి. వంకర అంచును క్లాంపుతో లాగి కలిపితే ఆ రోజుకు కలిసినట్టే కనిపిస్తుంది గాని, ఆ కలప తన పాత వంపుకు పోవాలని జిగురును నిరంతరం లాగుతూనే ఉంటుంది, కొన్నాళ్లకు అతుకు చివరల్లో విచ్చుకుంటుంది. కాబట్టి ముందు అంచులకు చిత్రిక పట్టండి. రెండు పలకలను అంచు మీద అంచు నిలిపి కిటికీ వైపు పట్టుకుని చూస్తే, ఎక్కడ వెలుతురు దూరుతోందో అక్కడ ఇంకా పని మిగిలి ఉందని అర్థం. జిగురు లేకుండా చేత్తో నొక్కితేనే సందు పూర్తిగా మూసుకోవాలి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లి కళాకారులు ఇదే పనస కలపను ఒకే మొద్దుగా తొలిచి ఏకాండి వీణ చేస్తారు కనుక వారికి ఈ తంటా లేదు. బల్ల చేసేవారికి తప్పదు.

ఇక రకాల సంగతి. మీ పనికి పైపు క్లాంపులే తగినవని నా అభిప్రాయం. పొడవాటి ఇనుప కమ్మీ మీద దవడలు ఉండే సాష్ క్లాంపు నిస్సందేహంగా దృఢమైనదే, అయితే బరువూ ధరా ఎక్కువ. ఏడాదికి రెండు బల్లలు చేసుకునే ఇంటి పనివాడికి అంత అవసరం లేదు. ఎఫ్ క్లాంపు చిన్న పనులకు బాగుంటుంది గాని, రెండు మూడు అడుగుల మేర గట్టిగా బిగించినప్పుడు తేలికపాటి వాటి కమ్మీ విల్లులా వంగుతుంది. సి క్లాంపు నోరు ఇంత వెడల్పుకు చాలదు. పలకల చివరలు ఎగుడుదిగుడు కాకుండా పట్టి ఉంచడానికి రెండు ఉంటే చాలు.

పైపు క్లాంపులో కొనవలసింది తల (పైపు చివర ఉండి మర తిప్పి బిగించే భాగం), పైపు మీద జారే దవడ మాత్రమే; పైపును ప్లంబింగ్ సామాను దుకాణంలో తీసుకోవచ్చు. అరంగుళం కన్నా ముప్పావు అంగుళం పైపు తీసుకోండి, తక్కువ వంగుతుంది. మీ బల్ల వెడల్పు 25 అంగుళాలు కాబట్టి 3 అడుగుల ముక్కలు సరిపోతాయి. 6 మీటర్ల పూర్తి పైపు ఒకటి కొంటే అటువంటివి ఆరు వస్తాయి. ప్రతి ముక్కకూ ఒక చివర మర వేయించుకోండి. క్లాంపు తలను దుకాణానికి తీసుకెళ్లి అక్కడే తిప్పి చూడటం మంచిది. రేపు పెద్ద తలుపు చేయాలనిపిస్తే రెండో చివరకూ మర వేయించి, కప్లింగు (రెండు పైపులను కలిపే ముక్క) వేసి ఇదే పైపును పొడిగించుకోవచ్చు.

ఎన్ని అన్నదానికి ఒక లెక్క ఉంది. క్లాంపు నొక్కుడు కలపలో దాదాపు 45 డిగ్రీల కోణంలో ఇరువైపులా విచ్చుకుంటుంది. అంటే 5 అంగుళాల పలక దాటి మొదటి అతుకును చేరేసరికి సుమారు 10 అంగుళాల మేర పరుచుకుంటుంది. ఒక చివర నుంచి 4 అంగుళాల దగ్గర మొదటిది పెట్టి, పదేసి అంగుళాలకు ఒకటి చొప్పున వెళితే మీ 48 అంగుళాలకు అయిదు క్లాంపులు సరిగ్గా సరిపోతాయి. మూడు కిందా రెండు పైనా, ఒకటి విడిచి ఒకటిగా పెట్టండి. అన్నీ ఒకే వైపు ఉంటే బల్ల దోనెలా వంగుతుంది.

గట్టి కలపకు చదరపు అంగుళానికి 175 నుంచి 250 పౌండ్ల ఒత్తిడి కావాలని పుస్తకాలు చెబుతాయి. మెత్తని కలపకు చెప్పే 150 పౌండ్ల ప్రకారం చూసినా, 48 చదరపు అంగుళాలున్న మీ ఒక్క అతుకుకు 7,200 పౌండ్లు, అంటే ఒక్కో క్లాంపుకు సుమారు 650 కిలోలు అవుతుంది. ఈ లెక్క చూస్తే తేలికపాటి ఎఫ్ క్లాంపు ఎందుకు చాలదో తెలుస్తుంది. అయితే అంచులు సరిగ్గా కుదిరి ఉంటే అంకెల కోసం బెంగ పడనక్కరలేదు. అతుకు పొడవునా జిగురు సన్నని పూసలుగా బయటికి వస్తే అక్కడితో ఆపండి. అది దాటి బిగిస్తే అతుకు మరింత బలపడదు సరికదా, పలక మధ్యలో పైకి లేస్తుంది.

పైపు తడి జిగురుకు తగిలితే కొన్ని కలపల మీద నల్లని మరక పడి లోపలికి ఇంకుతుంది. మధ్యలో పాత వార్తాపత్రిక పరచండి. ఎండాకాలం మధ్యాహ్నం జిగురు త్వరగా పొర కడుతుంది కనుక ఈ పని సాయంత్రం పెట్టుకోండి, దానికి ముందు జిగురు లేకుండా అన్నిటినీ ఒకసారి బిగించి చూసుకోండి. మీది ఉప్పుగాలి తగిలే ప్రాంతం. మరలకు నూనె రాయండి, పైపుకు మాత్రం రాయకండి, దవడ జారిపోతుంది.

ప్రశ్న: ఒక్క బల్ల కోసం ఇంత ఖర్చు పెట్టలేను. క్లాంపులు లేకుండా అతికించే దారి ఉందా?
– ఒక పాఠకురాలు, రాజాం, విజయనగరం జిల్లా

జవాబు: ఉంది. చదునైన మందపాటి చెక్క మీద, అతికించే పలకల మొత్తం వెడల్పు కన్నా రెండంగుళాలు ఎక్కువ దూరంలో రెండు దిమ్మెలను స్క్రూలతో బిగించండి. పలకలను మధ్యలో పెట్టి, మిగిలిన సందులో ఏటవాలుగా కోసిన చెక్కముక్కలను జతలుగా, ఒకదాని సన్నని మొన రెండోదానికి ఎదురుగా ఉండేలా పెట్టి, చిన్న సుత్తితో ఇరువైపుల నుంచీ మార్చి మార్చి కొట్టండి. జతల మధ్య దూరానికి పై లెక్కే వర్తిస్తుంది. పలకలు పైకి లేవకుండా అడ్డంగా ఒక పట్టీ వేసి బరువు పెట్టండి. కింది చెక్కకూ పట్టీకీ ముందుగా మైనం రుద్దితే జిగురు వాటికి అంటుకోదు.