పిక్చర్ ట్యూబు ముట్టుకునే ముందు

అమ్మలూ,

మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు హైదరాబాదులో పాత టీవీలు, పగిలిన మానిటర్లు పోగేస్తున్నావని, కాలేజీ ఎగ్జిబిషన్‌కి వాటిని గోడలా పేరుస్తానంటున్నావని, తను వద్దన్నా వినడం లేదని, "నువ్వన్నా చెప్పు అన్నయ్యా" అని. నేను వద్దని చెప్పను తల్లీ. నాకు చాలా సంతోషమేసింది. సంతోషంతో పాటే టెన్షన్ కూడా మొదలైంది, అందుకే ఈ ఉత్తరం. ఓపిగ్గా చదువు, కిందకి జరిపేయకు.

నువ్వు పంపిన ఆ కొరియా ఆయన, టీవీలతో కళ చేసిన నామ్ జూన్ పైక్ వీడియోలన్నీ చూశాను. 1963లో జర్మనీలోని వుప్పర్‌టాల్‌లో పెట్టిన ఎగ్జిబిషన్‌లో ఒక టీవీ పాడై స్క్రీన్ మీద ఒక్క గీతే మిగిలిందట, ఆయన దాన్ని బాగుచేయకుండా టీవీని పక్కకి తిప్పి గీతని నిలువుగా నిలబెట్టాడట. అది చూశాక చాలాసేపు ఆలోచిస్తూ కూర్చున్నాను. బొమ్మని పైకీ కిందకీ పరిచే వర్టికల్ సెక్షన్ పోతే వచ్చే గీత అది. రామాయణం సీరియల్ వచ్చే రోజుల్లో ఆదివారం పొద్దున్నే ఆ కంప్లైంటుతో ఇంటిల్లిపాదీ మా టీవీ రిపేరు షాపు ముందు నిలబడేవాళ్ళు, మేం ఐసీ మార్చి గీత పోగొట్టి పంపేవాళ్ళం. మేం పోగొట్టిన దాన్ని ఆయన చూడమని పెట్టాడు. నీ పని ఏంటో నాకు అక్కడ అర్థమైంది. నువ్వూ అలాంటి గీత పెట్టాలనుకుంటే బ్రైట్‌నెస్ బాగా తగ్గించు, లేకపోతే కిరణమంతా ఒకేచోట పడి అక్కడ ట్యూబు మాడిపోతుంది, ఆ మచ్చ ఇక పోదు.

అయస్కాంతం పెట్టి బొమ్మని వంచే పని బ్లాక్ అండ్ వైట్ టీవీ మీదే చెయ్యి. 1965లో పైక్ చేసింది కూడా దాని మీదే. కలర్ ట్యూబు లోపల సన్నటి చిల్లుల రేకు ఉంటుంది, దానికి అయస్కాంతం పడితే తీసేశాక కూడా రంగుల మచ్చలు ఉండిపోతాయి. నా దగ్గర ఆ అయస్కాంతాన్ని పోగొట్టే డీగాసింగ్ కాయిల్ ఉంది, కొన్ని మచ్చలు పోతాయి, కొన్ని పోవు.

ఇప్పుడు అసలు సంగతి.

మీ నాన్న, మోటార్ వైండింగ్ చేసే మనిషి, రోజూ కరెంటుతో ఉండే మనిషి, టీవీ అనగానే ఎందుకంత కంగారు పడుతున్నాడని నీకు కోపం వచ్చిందట కదా. వాడు చెప్పడు, నేను చెప్తా. ఇంటర్ అయ్యాక వాడు నేను పనిచేసే షాపుకే వచ్చాడు. చెయ్యి చాలా శుభ్రం, టంకం వేస్తే చూడముచ్చటగా ఉండేది. ఒకరోజు ఒక మాస్టారి కలర్ టీవీ వచ్చింది. క్యాబినెట్ విరిగింది, ట్యూబు తీసి వేరే క్యాబినెట్‌లో బిగించాలి. అలాంటి ట్యూబులో 25,000 వోల్టుల దాకా ఉంటుంది, ప్లగ్గు పీకినా ఆ చార్జి లోపలే ఉండిపోతుంది. వాడు పద్ధతి ప్రకారమే చేశాడు. స్క్రూడ్రైవర్‌కి వైరు కట్టి, రబ్బరు క్యాపు కిందకి తోసి, టప్‌మనిపించి, క్యాపు తీశాడు. ఒకసారి చేస్తే చాలని ఆ షాపులో అందరికీ నేర్పింది ఓనరే. ట్యూబు విప్పి బల్ల మీద పెట్టి టీకి వెళ్ళాడు. తిరిగొచ్చి రెండు చేతులతో పైకెత్తాడు. ఒక వేలు ఆ క్యాపు కింద ఉండే యానోడ్ గుంట మీద పడింది, రెండో చెయ్యి బయటి ఎర్త్ అల్లిక మీద ఉంది.

తడిగుడ్డని గట్టిగా పిండి పక్కన పెడితే కాసేపటికి అడుగున మళ్ళీ నీళ్ళు చేరినట్టు, ట్యూబు గాజులో ఇంకిన చార్జి మళ్ళీ పైకి వస్తుంది. అది షాపులో ఎవరూ వాడికి చెప్పలేదు. ఆ షాకు కన్నా, షాకుకి చేతులు విదిలించుకోవడమే వాడిని దెబ్బతీసింది. ట్యూబు జారి దాని మెడ బల్ల అంచుకి కొట్టుకుని విరిగింది, ట్యూబు లోపల గాలి ఉండదు కదా, సుయ్‌మని లోపలికి గాలి పోయింది. వాడి మోచెయ్యి వెనక్కి పోయి ఇనప ర్యాకు అంచు మీద పడింది. ఆ పొడుగు మచ్చ నువ్వు చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. నేను పక్క బల్ల మీదే ఉన్నాను, గుడ్డ కడుతుంటే వాడు చెయ్యి చూసుకోలేదు, "మాస్టారి ట్యూబు, మాస్టారి ట్యూబు" అంటున్నాడు. ఆ రోజుల్లో కలర్ ట్యూబంటే మాటలా! ఓనరు ఆ డబ్బంతా వాడి జీతంలో కోశాడు. కుట్లు విప్పాక వాడు షాపుకి రాలేదు. మోటార్ వైండింగ్ నేర్చుకున్నాడు, దాంతోనే నిన్ను చదివించాడు. ఆ రోజు మెడ విరిగింది కాబట్టి గాలి మెల్లగా పోయింది. ముందు భాగం పగిలి ఉంటే గాజు ముందు లోపలికి కూలి, తర్వాత నలువైపులా ఎగిరేది. వాడికి నిద్రపట్టనిది అందుకే, అమ్మలూ. వాడి మీద అలగకు.

కాబట్టి ట్యూబు ఒంటరిగా ముట్టుకోకు, రాత్రిపూట అసలు ముట్టుకోకు. ప్లగ్గు పీకి, వైరు ఒక కొన ట్యూబు వెనక నల్లపూత మీద ఉండే అల్లిక తీగకి క్లిప్పు పెట్టి, రెండో కొన స్క్రూడ్రైవర్‌కి కట్టి, ఒక చెయ్యి వీపు వెనక పెట్టుకుని డిస్చార్జి చెయ్యి. కాసేపాగి మళ్ళీ చెయ్యి. పక్కకి వెళ్ళొస్తే మళ్ళీ చెయ్యి. ట్యూబు బయటికి తీశాక యానోడ్‌కి, అల్లికకి మధ్య వైరు అలాగే వదిలెయ్. మామూలు మల్టీమీటరుతో అక్కడ కొలవకు, మీటరూ పోతుంది నువ్వూ పోతావు. పవర్ సప్లైలో ఉండే పెద్ద కండెన్సర్లో 300 వోల్టులు దాటి ఉంటుంది, దాన్ని స్క్రూడ్రైవర్‌తో షార్టు చేయకు, బల్బు హోల్డరు వైర్లు తగిలించి ఖాళీ చెయ్యి. కళ్ళద్దాలు, నిండు చేతుల చొక్కా, కాళ్ళకి బూట్లు. చున్నీ వద్దు.

ఇంకోటి. ఆ టీవీల్లో చాలావాటికి చాసిసే, అంటే లోపలి చట్రమే, కరెంటు మీద ఉంటుంది. పాటకి తగ్గట్టు బొమ్మ ఊగాలని యాంప్లిఫయర్ వైర్లు ట్యూబు మెడ మీది తీగచుట్టకి, యోక్‌కి, కలుపుతావని మీ నాన్న చెప్పాడు. సెట్టుని మెయిన్స్ కరెంటు నుంచి విడదీసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఆ పని చేశావో, నేనే వచ్చి అన్నీ తీయించేస్తా. ఏ సెట్టయినా మొదటిసారి ఆన్ చేసేటప్పుడు సీరీస్ బల్బు మీదే, అంటే కరెంటు ఒక బల్బు గుండా వచ్చేలా, పెట్టు.

ఎల్‌సీడీలతో నాకు భయం తక్కువ. పాతవాటిలో వెనక లైటు సన్నటి గాజు గొట్టాలు, వాటిలో పాదరసం ఉంటుంది, విరగ్గొట్టకు. వాటిని వెలిగించే ఇన్వర్టరు బోర్డు మీద వోల్టేజి కూడా ఎక్కువే, నడుస్తుండగా వేలు పెట్టకు. పై పోలరైజర్ ఫిల్ము తీసేస్తే తెర ఉత్త తెల్లగా కనిపిస్తుంది, ఆ ఫిల్ము ముక్క కళ్ళకి అడ్డం పెట్టుకుంటేనే బొమ్మ కనిపిస్తుంది, ముక్కని తిప్పితే వెలుగు నీడలు తారుమారవుతాయి. ఇది నువ్వు తప్పకుండా చెయ్యి, నాకు భలే ఇష్టం. తడిబట్ట కప్పి నానబెట్టి మూల నుంచి మెల్లగా లాగు. అంచుల్లో గాజుకి అంటించిన రిబ్బన్లు మాత్రం వంచకు, అవి ఊడితే మళ్ళీ అతకలేం.

హాల్లో టీవీలన్నీ ఒకేసారి ఆన్ చేయకు. కలర్ సెట్లు ఆన్ చేయగానే డీగాసింగ్ కాయిల్ ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, ఎంసీబీ పడిపోతుంది. వెనక కవర్లు లేని సెట్ల ముందు మనిషి చెయ్యి అందనంత దూరంలో కంచె కట్టించు. పిల్లలు వస్తారు, వాళ్ళు చెయ్యి పెట్టకుండా ఉండరు. పాత సెట్లలో దూరదర్శన్ వస్తుందనుకోకు, యాంటెన్నాతో పట్టే ఆ పాత సిగ్నల్ ఇప్పుడు లేదు, వీడియోని ఆ పాత సిగ్నల్‌లా మార్చే ఆర్ఎఫ్ మాడ్యులేటర్ కావాలి. కోఠీ గుజరాతీ గల్లీలో అడిగి చూడు.

స్పేర్లు ఎక్కువ తెచ్చుకో. పైక్ 1988లో 1003 టీవీలతో కట్టిన గోపురం ఉంది కదా, ట్యూబులు ముసలివైపోయి 2018లో ఆపేసి, బాగుచేసి, కొన్నింటికి ఫ్లాట్ ప్యానెళ్ళు పెట్టి 2022లో మళ్ళీ వెలిగించారు. దాన్ని పెట్టుకున్న అంత పెద్ద మ్యూజియంకే ట్యూబులు దొరకడం కష్టమైంది. ఎగ్జిబిషన్ అయ్యాక వాటిని రాగి కోసం పగలగొట్టేవాళ్ళకి అమ్మకు, ఆ గాజులో సీసం ఉంటుంది. ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకే ఇవ్వు.

నీ దగ్గర ఎన్ని సెట్లున్నాయి, ఏ సైజువి, బ్లాక్ అండ్ వైట్ ఎన్ని, కలర్ ఎన్ని, వెనక స్టిక్కర్ల ఫోటోలతో సహా పంపు. ఏ ట్యూబూ విప్పకు, నేను వచ్చేదాకా ఆగు. తెనాలి నుంచి శనివారం బండికి వస్తాను. ఆ ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ నేనే తెస్తున్నా, బరువు ఎక్కువ కాబట్టి స్టేషన్‌కి ఎవరినైనా వెంటబెట్టుకుని రా. మీ నాన్నని కూడా రమ్మన్నాను. వస్తానని అనలేదు గానీ, టికెట్టు ఎంతని అడిగాడు.

పెదనాన్న