పెరుగన్నం ఆరో పేజీలో ఉంది

చిత్తూరు

చిరంజీవికి ఆశీస్సులు.

ఉత్తరం మొదట్లో ‘ఉభయకుశలోపరి’ అని రాయడం మా తరం అలవాటు. ఈసారి కలం అక్కడే ఆగిపోయింది. మీ ఇంట్లో కుశలం లేదని తెలిసి ఆ మాట ఎలా రాయను?

పోయిన మీ నాన్నగారి గురించి నువ్వు రాసి పంపిన తొమ్మిది పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ ఇంటిని తలచుకుంటూ, రెండోసారి పెన్సిలు పట్టుకుని. ఈ ఉత్తరం రెండో చదువు గురించే, కాబట్టి కాస్త కటువుగా ఉంటుంది. ‘చదువుతుంటే కళ్ళు చెమర్చాయి’ అనేవాళ్ళు నీకు ఎలాగూ దొరుకుతారు. మీ నాన్నగారిని నేను ఎరగను. తిరుపతి నుంచి కొండకు ఎన్ని బస్సులెక్కానో లెక్కలేదు. ఎప్పుడో ఒకసారి ఆయన నడిపిన బస్సులోనే కూర్చున్నానేమో, అదీ తెలియదు.

తొమ్మిదింటిలో అయిదు పేజీలు ఒక్క రాత్రికే పోయాయి. ఫోను మోగడం, ఆటో దొరకకపోవడం, ఆసుపత్రి వరండా, తెల్ల దుప్పటి. ‘పిడుగులాంటి వార్త’, ‘శోకసముద్రం’ అని కూడా రాశావు. ఆ రెండూ తీసెయ్యి, అవి నీ మాటలు కావు. అశ్రునివాళి ఫ్లెక్సీలు వేసే షాపులో ముందే టైపు చేసి పెట్టుకుంటారు, పేరూ ఫోటో మార్చి ఇస్తారు.

మిగిలిన నాలుగు పేజీల్లో క్రియలకు గీతలు పెట్టాను. లేచేవారు, వెళ్ళేవారు, తెచ్చేవారు, కసిరేవారు, నవ్వేవారు. లెక్కపెడితే అరవై ఒకటి తేలాయి. ఆసుపత్రి పేజీల్లోనేమో వచ్చారు, కూర్చున్నారు, ఛాతీ పట్టుకున్నారు, ఒరిగిపోయారు. ఏం జరిగిందో గమనించావా? మీ నాన్నగారు బతికిన యాభై ఆరేళ్ళూ ‘ఏవారు’లో కరిగిపోయాయి. ఆయనకు నువ్వు ఇచ్చిన ఒకే ఒక్క రోజు ఆయన పోయిన రోజు. హఠాత్తుగా పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు దాదాపు అందరమూ ఇక్కడే జారిపడతాం. ఆ రాత్రి గడియ గడియా గుర్తుంటుంది, అంతకు ముందు రోజులన్నీ కలగలిసి ఒకే రోజైపోతాయి.

నేనూ జారిపడ్డాను. మా అన్న చిత్తూరు బెల్లం మండీలో గుమాస్తా. ఒక మధ్యాహ్నం లెక్కల పుస్తకం మీద తల వాల్చి మళ్ళీ ఎత్తలేదు. సంవత్సరీకం నాటికి నేనొక వ్యాసం రాసి ఇంట్లో చదివి వినిపించాను. ‘మండీకి వచ్చిన పిల్లలకు అన్న ఎప్పుడూ బెల్లం ముక్క పెట్టేవాడు’ అని అందులో ఒక వాక్యం. వదిన అక్కడ ఆపింది. ‘ఎప్పుడూ ఎక్కడ పెట్టారు? ఒక్కసారి పెట్టారు. దిమ్మె పగలగొట్టారని యజమాని ఆ నెల జీతంలో పట్టుకున్నాడు. మళ్ళీ ఎవరికీ పెట్టలేదు’ అంది. నాకు తల కొట్టేసినట్లయింది. నా వాక్యంలో మా అన్న ధర్మాత్ముడు. వదిన చెప్పినదాంట్లో దిమ్మె పగలగొట్టిన మనిషి, జీతం కోత పడిన మనిషి, ఆ తర్వాత పిల్లలు వస్తే లెక్కల్లో తల దూర్చిన మనిషి ఉన్నాడు. ‘ఏవాడు’ అనే ప్రత్యయం ఎంత తీయగా అబద్ధమాడుతుందో ఆ రోజు తెలిసింది.

మీ ఊళ్ళోనే ఇంకో ఉదాహరణ ఉంది. అన్నమయ్య 1503లో దుందుభి నామ సంవత్సరం ఫాల్గుణ బహుళ ద్వాదశి నాడు పోయారని ఆయన పాటలు చెక్కిన రాగిరేకు చెబుతుంది. అది తిథి. ఆయన ఎలాంటి మనిషో మనకు తెలిసింది మనవడు చిన్నన్న ద్విపదలో రాసిపెట్టబట్టి. కుర్రవాడైన అన్నమయ్యను ఇంట్లోవాళ్ళు గడ్డి కోసుకురమ్మన్నారు, కొడవలి చిటికెన వేలికి తగిలి తెగింది, ఆ బాధలోనే తిరుపతి వెళ్ళే యాత్రికుల వెంట నడిచాడు. తాతగారు మహాభక్తుడన్న సంగతి మనవడికి తెలియక కాదు. అయినా ఆ తెగిన వేలిని వదిలిపెట్టలేదు చూడు. అయిదు వందల ఏళ్ళ తర్వాత కూడా అది కళ్ళకు కట్టినట్టుంది.

ఇక మీ నాన్నగారి పని. ‘నాన్న నిబద్ధత గల డ్రైవరు’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అమ్మాయీ, కొండదారిని నువ్వు పక్క కిటికీలోంచి చూశావు, ఆయన ముందు అద్దంలోంచి చూశారు. 1944లో తెరిచిన పాత ఘాట్ రోడ్డే ఇప్పుడు దిగే దారి. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు వేసి ఉంచితే డ్రమ్ములు వేడెక్కి బ్రేకు పట్టు తప్పుతుంది. అందుకే చిన్న గేరులో వేసి, ఇంజనే బండిని వెనక్కి పట్టుకునేలా దింపుతారు. కొంత దూరం మెట్లదారి భక్తులు కూడా ఆ రోడ్డు వెంటే నడుస్తారు. బస్సు లోపల చూస్తే, రాత్రంతా క్యూలో నిలబడి, దర్శనం చేసుకుని, గుండ్లు చేయించుకున్నవాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు వాలి నిద్రపోతుంటారు. అంతమంది నిద్రలో మేలుకుని ఉండాల్సినవాడు ఒక్కడే.

ఈ మాటలన్నీ ఎందుకంటే, ఆరో పేజీ అడుగున, నువ్వే పట్టించుకోని ఒక వాక్యం ఉంది: ‘కొండ డ్యూటీ ఉన్న రోజు నాన్న పెరుగన్నం ముట్టేవారు కాదు, నిద్ర వస్తుందని.’ మిగతా అరవై ‘ఏవారు’లనూ కొట్టేసినా దీన్ని మాత్రం ఉంచు. దీన్ని మొదటి పేజీకి తెచ్చుకో. ఆసుపత్రి రాత్రిని ఒక పేజీకి కుదించు. ఆ పేజీలో ‘నేను ఆ సాయంత్రం ఫోను ఎత్తి ఉంటే’ అన్నది ఉండనీ, ఒక్క వాక్యంగా. మూడు చోట్ల రాసేసరికి అది పశ్చాత్తాపం కాకుండా పాఠకుడిని ఊరడింపు అడిగినట్టయింది. చివరి క్షణంలో ఆయన మనసులో ఏం మెదిలిందో మాత్రం రాయకు. నీకు తెలియదు, ఎవరికీ తెలియదు.

నాన్న మూడేళ్ళు అత్తతో మాట్లాడలేదని ఒక చోట రాసి కొట్టేశావు. కొట్టివేత కింద అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి. పోయినవాళ్ళను ఒక మాట అనకూడదంటారు. పెద్దకర్మ అయ్యేదాకా ఆ నియమం మంచిదే. తర్వాత కూడా దాన్నే పట్టుకుని కూర్చుంటే రాసేవాడికి మిగిలేది దండ వేసిన ఫోటో. ఆ మేనత్తనే వెళ్ళి కలువు. గంగమ్మ జాతరలో మీ నాన్నగారు పడుచుతనంలో బైరాగి వేషం కడితే సొంత తల్లే పోల్చుకోలేకపోయిందని ఆవిడ చెప్పినట్టు నువ్వే రాశావు కదా; అది ఏ ఏడాది, ఎవరి ఇంటి ముందు, ఆ తల్లి పోల్చుకున్నాక ఏమంది, అన్నీ ఆవిడ దగ్గరే ఉంటాయి. మాట్లాడని తోబుట్టువులకు గుర్తుండే వివరాలు మాట్లాడేవాళ్ళకు ఉండవని నా అనుభవం. ఆయనతో డ్యూటీ చేసిన డ్రైవర్లను కూడా అడుగు, టీ బంకు దగ్గరైతే ఇంకా మంచిది. అమ్మను చివర్లో అడుగు. ఒక్కరోజులో అన్నీ అడగకు. అచ్చుకు పంపే ముందు ఆవిడకు చదివి వినిపించు. ఏదైనా తీసెయ్యమంటే తీసెయ్యి. ఈ చివరి మాటను ఒప్పుకోని రచయితలు నా స్నేహితుల్లోనే ఉన్నారు. వాళ్ళు మంచి రచయితలే, కానీ వాళ్ళ వదినలతో నేను మాట్లాడాను.

డ్రైవర్లను కలిసినప్పుడు నా తరఫున ఒక్క సంగతి అడుగు. అన్నేళ్ళు కొండకు బండి నడిపిన మనిషి చేతిలో ఎవరో ఒకరు ఎప్పుడో ఒకసారి దద్దోజనం ప్రసాదం పెట్టే ఉంటారు. కాదనడానికి లేదు, తింటే నిద్ర. ఆ రోజు ఆయన ఏం చేశారు?