వయొలిన్లు తప్పుకుంటే వినిపించిన విల్లీ

ప్రశ్న: అమెరికన్ కంట్రీ గాయకుడు విల్లీ నెల్సన్ పాత పాటల్లోంచి వయొలిన్లు, కోరస్ తీసేసి 2009లో 'నేకెడ్ విల్లీ' అని ఆల్బమ్ తెచ్చారు కదా. ఎప్పుడో పూర్తయిన రికార్డింగుల్ని ఇలా మార్చడం తప్పు కాదా? అసలు ఏది వినాలి?

జవాబు: రెండూ వినండి. కాకపోతే పాతదే ముందు వినండి, ఏం తీసేశారో అప్పుడే చెవికి తెలుస్తుంది.

ఆ 17 పాటలూ 1966-70 మధ్య ఆర్‌సీఏ అనే రికార్డింగ్ కంపెనీకి పాడినవి. అప్పట్లో అక్కడ పెద్ద నిర్మాత చెట్ అట్కిన్స్. కంట్రీ పాట పాప్ శ్రోతలకూ నచ్చాలని, ఆ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ నగరంలో వయొలిన్లనూ కోరస్‌నూ దట్టంగా చేర్చే రోజులవి. అట్కిన్స్ మీద నాకు కోపం లేదు, ఆయన గిటారంటే ప్రాణం. ఆ పద్ధతి ఎందరికో నప్పింది కూడా. విల్లీకే నప్పలేదు.

విల్లీ పాటలో అందమంతా ఆలస్యంలో ఉంది. బీట్ పడ్డాక క్షణం ఆగి మాట అందుకుంటారు. మధ్యలో ఇంకాస్త వెనకబడి, చివరి మాటకు గబగబా వచ్చి కలుస్తారు. ఆ ఖాళీలన్నీ వయొలిన్లతో నింపేస్తే ఆయన ఆగిన సంగతే తెలియదు. కొత్త మిక్స్, అంటే గొంతూ వాద్యాలూ మళ్లీ కలిపిన రూపం, మొదటిసారి హెడ్‌ఫోన్స్‌లో విన్నప్పుడు, మాటకు ముందు ఆయన ఆగిన చోటల్లా నేనూ ఊపిరి బిగబట్టాను.

మల్టీట్రాక్ టేపుల్లో గొంతు ఒక ట్రాకులో, వయొలిన్లు ఇంకో ట్రాకులో ఉంటే వద్దన్నది తగ్గించేయొచ్చు. అందరూ ఒకే గదిలో వాయించినప్పుడు గాయకుడి మైకులోకి చొరబడిన శబ్దాన్ని వదిలించుకోవడమే కష్టం.

ఇక తప్పా అంటారా? ఈ పని చేసింది మికీ రాఫేల్, 1973 నుంచి విల్లీ పక్కన మౌతార్గాన్ వాయిస్తున్న మనిషి. విల్లీకి ఏం ఇష్టమో ఆయనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? పైగా కొలంబియా కంపెనీ స్వేచ్ఛ ఇచ్చాక 1975లో 'రెడ్ హెడెడ్ స్ట్రేంజర్'ను విల్లీ కొద్దిపాటి వాద్యాలతోనే ముగించారు. అది విని కంపెనీవాళ్లు డెమో, అంటే నమూనాకి చేసిన రికార్డింగ్ అనుకున్నారు! అయినా ఒకటి ఒప్పుకోవాలి: ఆ కాలంలో జనం విన్నది పాత మిక్సే. దాన్ని పారేయకూడదు.

'బ్రింగ్ మీ సన్‌షైన్'తో మొదలుపెట్టండి. పాతది, కొత్తది వెంటవెంటనే వినండి. వయొలిన్ల సంగతి వదిలేసి, ప్రతి లైనూ ఆయన ఎంత ఆలస్యంగా అందుకుంటున్నారో అదొక్కటే గమనించండి.