మీ ప్రశ్న – మా జవాబు: పీఠం దగ్గర ఆడవాళ్లు

ప్రశ్న: నంద్యాల సీఎస్ఐ (ప్రొటెస్టంట్ సంఘమైన చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) డయాసిస్‌కు 2013లో పుష్పలలిత గారు బిషప్ అయ్యారు. మన కథోలిక విచారణల్లో (పారిష్‌లలో) ఆడవాళ్లకు ఎంతవరకు వీలుంది? – ఒక సోదరి, కర్నూలు

జవాబు: గురుపట్టానికి, అంటే ఫాదర్‌గా అభిషేకం పొందడానికి, వీల్లేదమ్మా. శ్రీసభ (కథోలిక సంఘం) చట్టం 1024వ నిబంధన ప్రకారం జ్ఞానస్నానం పొందిన పురుషుడికే అభిషేకం చెల్లుతుంది. దీన్ని మార్చే అధికారం శ్రీసభకు లేదని రెండవ జాన్ పాల్ పోపు గారు 1994లో రాశారు. గురుపట్టానికి కింది మెట్టైన డీకన్ పట్టం మీద ఫ్రాన్సిస్ పోపు గారు 2016లో, 2020లో కమిషన్లు వేశారు గానీ అనుమతి రాలేదు.

పట్టం అక్కర్లేని సేవ చాలా ఉంది. అడిగేవాళ్లు లేకే అది మూలన పడిందని మా బాధ. 2021 జనవరి నుంచి పఠన సేవకులుగా (పూజలో బైబిల్ పఠనాలు చదివేవారు), పీఠ సేవకులుగా (పీఠం దగ్గర గురువుకు సాయపడేవారు) స్త్రీలనూ పీఠాధిపతి (బిషప్) శాశ్వతంగా నియమించవచ్చు. అదే ఏడాది మేలో ఉపదేశి (విశ్వాస పాఠాలు చెప్పేవారు) సేవకూ అలాంటి నియామకం వచ్చింది. పూజలో సువిశేష పఠనం, ప్రసంగం మాత్రం గురువులు, డీకన్లకే.

మంచాన పడిన అవ్వలకు సత్ప్రసాదం (పూజలో ప్రతిష్ఠించిన అప్పం) తీసుకెళ్లే పనికి ముందు మీ ఫాదర్ గారిని అడగండి. నియామకం అయ్యాక, సత్ప్రసాదాన్ని పిక్స్ అనే మూత డబ్బీలో పెట్టుకుని గుడి నుంచి నేరుగా ఆ ఇంటికే వెళ్లాలి. దారిలో అంగడి పనులు పెట్టుకోకూడదు. ఇంట్లో బల్లమీద తెల్లగుడ్డ, కొవ్వొత్తి, గ్లాసు నీళ్లు సిద్ధం చేయించండి. నోరెండిన వాళ్లకు అప్పం మొత్తం పెడితే అంగిట్లో అతుక్కుంటుంది. చిన్న తునక చాలు, వెంటనే గుక్కెడు నీళ్లు తాగించండి. చివర్లో చెయ్యెత్తి దీవించకండి, మీ మీదే సిలువ గుర్తు వేసుకోండి. మిగిలింది ఆ ఇంట్లో ఉంచకుండా గుడికి తెచ్చేయాలి. పాపసంకీర్తనం (పాపాలు ఒప్పుకుని క్షమాపణ పొందడం), అభ్యంగనం (రోగులకు తైలం పూయడం) గురువు చేతుల మీదుగానే జరగాలి కాబట్టి, స్పృహ తప్పేదాకా ఆగకుండా ఫాదర్ గారికి ముందే కబురు పెట్టండి.

ప్రశ్న: ప్రాణాపాయంలో ఉన్న పసిబిడ్డకు నర్సు జ్ఞానస్నానం ఇవ్వవచ్చా? – ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ఇవ్వవచ్చు. తల్లిదండ్రులను అడిగి, బిడ్డ తలమీద మూడుసార్లు నీళ్లు పోస్తూ, పేరు పెట్టి పిలిచి, ‘పిత యొక్కయు, పుత్రుని యొక్కయు, పవిత్రాత్మ యొక్కయు నామమున నేను నీకు జ్ఞానస్నానమిచ్చుచున్నాను’ అనాలి. తడివేళ్లతో నుదురు తుడిస్తే సరిపోదు, నీళ్లు పారాలి. ‘నేను’ బదులు ‘మేము’ అంటే చెల్లదని 2020లో రోము తేల్చిచెప్పింది. బిడ్డ కోలుకుంటే మళ్లీ స్నానమివ్వరు, మిగిలిన తంతు మాత్రం గుడిలో పూర్తిచేస్తారు. తేదీ, ఇచ్చినవారి పేరు, సాక్షి పేరు విచారణ రిజిస్టర్‌లో రాయించండి. అది లేకపోతే రేపు పెళ్లినాడు సర్టిఫికెట్ దొరకక తిప్పలు పడతారు.