ఇంట్లో కెసడియా: చపాతీ అలవాటు ఎక్కడ అడ్డొస్తుందంటే

టోర్టియా అనే పల్చటి మెక్సికన్ రొట్టెలో చీజ్ పెట్టి మడిచి కాల్చేదే కెసడియా. కొత్తగా అమెరికా వచ్చినవాళ్ళు తరచూ అడిగేది: "మిగిలిన చపాతీలో చీజ్ పెట్టి మడిచి కాలిస్తే కెసడియా అయిపోదా?" ఆకలి తీరుతుంది, కెసడియా మాత్రం కాదు. తేడా అంతా రొట్టెలోనే ఉంది. మెక్సికోలో చాలాచోట్ల మొక్కజొన్న టోర్టియాలే తింటారు. గోధుమ పండే ఉత్తరాన, సొనోరా వైపు, గోధుమ టోర్టియా వాడకం ఎక్కువ. దానికి మైదా కావాలి, కొవ్వు దండిగా పడాలి.

ఎనిమిది టోర్టియాలకి ఆల్ పర్పస్ ఫ్లోర్ (మైదా లాంటిదే) 300 గ్రాములు (ఇక్కడి కొలత కప్పుతో రెండున్నర), ఉప్పు ఒక టీస్పూను, వెజిటబుల్ షార్టెనింగ్ (వనస్పతిలా గడ్డకట్టి ఉండే కొవ్వు) 60 గ్రాములు, అంటే ఐదు టేబుల్ స్పూన్లు. షార్టెనింగ్ వద్దనుకుంటే నాలుగు టేబుల్ స్పూన్ల నూనె పోయండి. వేడినీళ్ళు 150 నుంచి 160 మిల్లీలీటర్లు.

కొవ్వుని ముందు పొడిపిండికే పట్టించాలి. కజ్జికాయల పిండికి వేడినెయ్యి పట్టించినట్టే: గుప్పిట బిగిస్తే ముద్ద కట్టాలి, వేలితో తాకితే విడిపోవాలి. అప్పుడు నీళ్ళు కొద్దికొద్దిగా పోసి ఐదు నిమిషాలు మర్దించండి. ఎనిమిది ఉండలు చేసి, తడిబట్ట కప్పి అరగంట వదిలేయండి. ఒత్తుతుంటే రొట్టె వెనక్కి ముడుచుకుపోతోందా? పిండి ఇంకా నానలేదు. కర్రతో కుస్తీ పట్టకుండా మరో పది నిమిషాలు ఆగండి.

ఎనిమిది అంగుళాల వెడల్పు వచ్చేలా ఒత్తండి. పొడిపిండి ఎక్కువ జల్లకండి. అది పెనం మీద మాడి చేదెక్కుతుంది.

కాస్ట్ ఐరన్ పెనం బాగా కాగాలి, నూనె చుక్క పడకూడదు. ఒక్కో వైపు 30, 40 సెకన్లు చాలు. బుడగలు లేచి గోధుమరంగు మచ్చలు పడగానే తీసి బట్టలో చుట్టండి. ఆ ఆవిరికే రొట్టె మెత్తబడుతుంది. మంట తగ్గించి నిదానంగా కాలిస్తే తడి ఆరిపోయి అప్పడంలా విరుగుతుంది. మొదటిసారి చెడేది ఎక్కువగా ఇక్కడే.

లోపలికి బాగా కరిగే చీజ్ కావాలి, మాంటెరే జాక్ గానీ ఒహాకా చీజ్ గానీ తెచ్చుకోండి. కేసో ఫ్రెస్కో అనే మెక్సికన్ తాజా చీజ్ కరగదు, పైన చల్లుకోవడానికే. తురిమి అమ్మే చీజ్ అంటుకోకుండా పిండిపదార్థం కలుపుతారు, అందుకే సరిగ్గా సాగదు. ముద్ద కొని తురుముకోండి, రొట్టెకి 50 గ్రాములు.

ఉల్లిపాయ, బెల్ పెప్పర్, పుట్టగొడుగులు పెద్ద మంట మీద నీరంతా ఇగిరేదాకా వేయించాలి. డబ్బా బ్లాక్ బీన్స్ అయితే కడిగి, వార్చి, సగం మెదిపి అదే పెనంలో పొడిబారనివ్వండి. కూరలో తడి మిగిలితే రొట్టె నాని చిరుగుతుంది. సాల్సా (మెక్సికన్ టమాటా పచ్చడి) పక్కన గిన్నెలోనే ఉండాలి. మసాలాకి జీలకర్ర పొడి, ఓరెగానో, హలపీన్యో (మెక్సికన్ మిరపకాయ) ముక్కలు చాలు. గరం మసాలా పడిందా, అది ఆలూ పరాటాకి చుట్టమైపోతుంది.

సగం రొట్టె మీద చీజ్, కూర, మళ్ళీ కాస్త చీజ్. కింద, పైన చీజ్ ఉంటేనే కూర పట్టుకుని నిలుస్తుంది. మడిచి, మధ్యస్థం మంట మీద ఒక్కో వైపు రెండు నిమిషాలు. దించిన వెంటనే కోస్తే చీజ్ అంతా బయటికి కారుతుంది, ఒక నిమిషం ఆగండి.

కూర పెట్టి పొట్లంలా చుట్టే బరీటోకి ఈ కొలత చాలదు. పది, పన్నెండు అంగుళాల రొట్టె కావాలి, చుట్టేముందు వెచ్చబెట్టాలి. చల్లటిది మడత దగ్గర పగులుతుంది.

శాకాహారులు కొన్న ప్రతి ప్యాకెట్ వెనకా చదవాలి. టోర్టియాల్లోనూ రీఫ్రైడ్ బీన్స్‌లోనూ (ఉడికించి మెదిపి వేయించిన చిక్కుడు గింజలు) లార్డ్ ఉండొచ్చు, అంటే పంది కొవ్వు. చీజ్‌లో పాలు విరగడానికి వేసే రెన్నెట్ దూడ కడుపు నుంచి తీసినది కావచ్చు. మైక్రోబియల్ లేదా వెజిటబుల్ రెన్నెట్ అని ఉంటే బెంగలేదు.

మిగిలిన టోర్టియాల మధ్య పార్చ్‌మెంట్ కాగితం పెట్టి జిప్‌లాక్‌లో వేసి ఫ్రీజర్లో పెట్టండి. తినేముందు వేడి పెనం మీద ఒక్కో వైపు పావు నిమిషం.