ముద్ర ముందు, జిగురు చివర

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులతో వ్రాయునది.

శుభాకాంక్షల కార్డులను స్వయంగా తయారు చేయాలనుకుంటున్నానని నీవు వ్రాసిన ఉత్తరం చదివి ఎంతో సంతోషించాను. కార్డులపై బొమ్మల ముద్రలు వేసేందుకు ఏ స్టాంపులు కొనాలని అడిగావు గానీ, అంతకన్నా ముందు తెలుసుకోవలసిన మాట ఒకటుంది. స్టాంపును ఎన్నడూ కార్డు మీద నేరుగా వేయవద్దు. విడి తెల్ల కాగితంపై నాలుగైదు ముద్రలు వేసి, వాటిలో చక్కగా పడినదాన్ని కత్తిరించి అతికించు. తొలి రోజుల్లో నేను డిజైన్ కాగితాలన్నీ అతికించాక చివరగా ముద్ర వేసేదాన్ని. అది అలుక్కుపోయిన ప్రతిసారీ అంతవరకు పడిన శ్రమతో పాటు ఎంతో ఇష్టపడి దాచుకున్న కాగితం కూడా వృథా అయ్యేది.

ముద్ర సరిగా పడకపోవడానికి కారణం చాలావరకు మన చేతిలోనే ఉంటుంది. స్టాంపును ఇంకు ప్యాడుకేసి గట్టిగా నొక్కితే గీతల మధ్య సందుల్లోకి ఇంకు చేరుతుంది కనుక, స్టాంపును వెల్లకిలా పెట్టి ప్యాడునే దానిపై తేలికగా అద్దాలి. కాగితంపై పెట్టిన తరువాత అటూ ఇటూ ఊపకుండా, నిటారుగా నొక్కి నిటారుగానే పైకి తీయాలి. పారదర్శకమైన స్టాంపులను అక్రిలిక్ (గాజులా కనిపించే ప్లాస్టిక్) దిమ్మకు అంటించి వాడతారు. ముద్ర ఎక్కడ పడుతుందో పైనుంచే కనిపిస్తుంది కనుక కొత్తగా నేర్చుకునేవారికి అవే అనుకూలమని నా అభిప్రాయం. కొత్త స్టాంపుపై ఉండే జిడ్డువంటి పొర వల్ల ఇంకు చుక్కలు చుక్కలుగా విడిపోతుంటే, పెన్సిల్ రబ్బరుతో ఒకసారి మృదువుగా రుద్దు. ప్యాడు ఇంకుల్లో డై ఇంకు అనే రకం కాగితంలోకి ఇంకి త్వరగా ఆరుతుంది. పిగ్మెంట్ ఇంకు అనే రకం పైపైనే నిలిచి నెమ్మదిగా ఆరుతుంది కనుక, దాన్ని వాడిన రోజు ముద్రపై చేయి పడనీయకు.

కార్డుకు 250 నుంచి 300 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములుంటుందో చెప్పే కొలత) గల మందపాటి కాగితం తీసుకో. ఒక ఏ4 కాగితాన్ని పొడవుకు అడ్డంగా సగానికి కోసి, ఒక్కో ముక్కను మధ్యకు మడిస్తే 105 × 148 మిల్లీమీటర్ల కార్డులు రెండు వస్తాయి. అవి సీ6 అనే కొలత గల కవరులో సరిగ్గా ఇముడుతాయి. మడిచే ముందు స్కేలు ఆనించి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో గాడి గీసి, గాడి కార్డుకు బయటివైపున ఉండేలా మడవాలి.

డిజైన్ కాగితాల ఎంపికకు మాత్రం తొందరపడవద్దు, ఈ పనిలో అసలైన ఆనందం అక్కడే ఉంది. పెద్ద పూల కాగితం ఒకటి, సన్నని గీతలదో చుక్కలదో మరొకటి, ఆ రెండింటిలోనూ కనిపించే ఒక రంగులో సాదా కాగితం ఇంకొకటి ఉంటే చాలు. పెద్ద డిజైన్ మీదనే ముద్రను పెడితే రెండూ పోటీపడి కంటికి ఏదీ ఆనదు. ముద్ర ఉన్న ముక్కకూ ఆ డిజైన్‌కూ మధ్యలో సాదా కాగితం, ముక్క చుట్టూ 3 మిల్లీమీటర్ల అంచుగా కనిపిస్తే ముద్ర విడిగా నిలుస్తుంది. అన్నిటినీ అతికించకుండానే పేర్చి, కాసేపటి తరువాత మళ్లీ చూసి, అప్పటికీ నచ్చితేనే జిగురు తీయి. నీటి జిగురు పలుచని కాగితాన్ని ముడతలు పెడుతుంది కనుక రెండువైపులా అంటుకునే టేపు మేలు.

పని ముగిసిన వెంటనే స్టాంపులను తడిగుడ్డతో తుడిచి నీడలో ఉంచు. నీ మొదటి కార్డుతో పాటు, పాడైపోయిన ముద్రలను కూడా అదే కవరులో పెట్టి పంపు. ఒత్తిడి ఎక్కడ తగ్గిందో, ఇంకు ఎక్కడ ఎక్కువైందో చూసి వ్రాస్తాను.

ఇట్లు,
మీ అత్తయ్య