గది తిరిగిపోతోందని ఏడుస్తున్న అమ్మాయి: ఫీజు కట్టాలా, మాన్పించాలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. అమ్మాయి బీకాం రెండో సంవత్సరం పరీక్షలు రాసింది. ఇంటీరియర్ డిజైనింగ్ నేర్చుకుంటానంటే ఎల్బీనగర్‌లో మా చెల్లెలి ఇంట్లో ఉంచి ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించాం. ఆరు నెలలకు లక్షా ఇరవై వేలు. పదివేలు అడ్వాన్స్ కట్టాం. రెండు వారాలు కాలేదు, రోజూ ఫోన్‌లో ఏడుపే. కంప్యూటర్‌లో గీస్తున్న గది గిర్రున తిరిగిపోతుందట, గీసిన గోడ మాయమైపోతుందట, మంచం జరిపితే గోడ సాగుతుందట. మా మరిది కొడుకు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు, ‘ఇంత చిన్నదానికే ఏడిస్తే ఎట్ల’ అని అందరి ముందూ అన్నాడు. మిగతా ఫీజు కట్టాలా, మాన్పించి బ్యాంకు కోచింగ్‌కు పంపాలా? గది బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్లు ఆటోక్యాడ్, స్కెచ్‌అప్‌లలో ఏది ముందు నేర్చుకోవాలి?

జవాబు: అమ్మా, మీరు అడిగినవి రెండే ప్రశ్నలు. మీకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం మూడోది, మీరు రాయనిది: ‘మా పిల్లకు బుర్రకెక్కదేమో’. ఏటా పరీక్షలయ్యాక ఈ భయంతో ఎంతోమంది తల్లిదండ్రులు వస్తారు. కాబట్టి ముందు దానికే జవాబు చెబుతాను. మీ అమ్మాయికి తెలివి లోపం ఏమీ లేదు. ఆమె చెప్పిన మూడు కష్టాలూ ఈ పనిలో అడుగుపెట్టిన ప్రతి ఒక్కరికీ వచ్చేవే. మూడింటికీ ఖచ్చితమైన కారణాలున్నాయి. ‘రావట్లేదు’ అని ఊరుకోకుండా ఏం తప్పుతోందో విడివిడిగా చెప్పగలిగిందంటే కళ్లు తెరిచి చూస్తోందని అర్థం.

గది ఎందుకు తిరిగిపోతోంది? ఆటోక్యాడ్‌లో మౌస్ చక్రాన్ని నొక్కి లాగితే బొమ్మ పక్కకు జరుగుతుంది. షిఫ్ట్ పట్టుకుని నొక్కితే చుట్టూ తిరుగుతుంది. స్కెచ్‌అప్‌లో సరిగ్గా దీనికి తలకిందులు: ఉత్త చక్రం నొక్కితే తిరుగుతుంది, షిఫ్ట్‌తో కలిపి నొక్కితే పక్కకు జరుగుతుంది. ఈ రెండింటినీ ఒకే వారంలో, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి నేర్పితే ఎవరి వేలైనా తడబడుతుంది. మీ అమ్మాయికి అలాగే నేర్పుతున్నారేమో ముందు కనుక్కోండి. ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ మీద చేస్తుంటే కష్టం ఇంకో రెండింతలు. లక్షా ఇరవై వేలకు సిద్ధపడ్డారు కదా, మూడు నాలుగు వందలు పెట్టి చక్రం ఉన్న మామూలు మౌస్ కొనిచ్చారా? లేకపోతే ఈరోజే కొనండి.

గోడ మాయమవడానికి కారణం చాలాసార్లు కొలతే. స్కెచ్‌అప్ తెరవగానే టెంప్లేట్, అంటే ఏ కొలతల్లో గీయాలో ముందే పెట్టి ఉంచిన నమూనా, అడుగుతుంది. అది మిల్లీమీటర్లలో ఉన్నప్పుడు 12,10 అని కొట్టి ఎంటర్ నొక్కితే వచ్చేది పన్నెండడుగుల గది కాదు, పన్నెండు మిల్లీమీటర్ల చుక్క. తెర మీద నిలబడి ఉండే మనిషి బొమ్మ కాళ్ల దగ్గరెక్కడో చీమంత పడి ఉంటుంది, కంటికి ఆనదు. అడుగులకు 12' అనీ, ఇంచులకు 9" అనీ గుర్తు పెట్టి కొడితే టెంప్లేట్ ఏదైనా సరిగ్గా తీసుకుంటుంది. కొలత కొట్టడానికి కింద ఉన్న డబ్బాలో క్లిక్ చేయనక్కర్లేదు. దీర్ఘచతురస్రం మొదలుపెట్టి నేరుగా అంకెలు కొట్టి ఎంటర్ నొక్కితే చాలు. ఎప్పుడు దారి తప్పినా షిఫ్ట్, జెడ్ కలిపి నొక్కమనండి. గీసిందంతా తెర మీదికి వచ్చేస్తుంది. ఇంకో మాట: జూమ్ చేసేటప్పుడు బాణం గుర్తు గోడ మీదో నేల మీదో ఉండాలి. ఖాళీ జాగాలో పెట్టి చక్రం తిప్పితే అనుకున్న చోటికి వెళ్లదు.

మంచంతో పాటు గోడ సాగడానికి కారణం గ్రూప్ చేయకపోవడం, అంటే ఒక్కో వస్తువు గీతలను విడిగా ఒక కట్టగా కట్టకపోవడం. స్కెచ్‌అప్‌లో తాకిన గీతలన్నీ తడి సిమెంటులా ఒకదానికొకటి అంటుకుంటాయి. గోడలు లేపగానే మూడుసార్లు క్లిక్ చేసి మొత్తం పట్టుకుని, కుడి బటన్ నొక్కి ‘మేక్ గ్రూప్’ అనాలి. మంచం వేరే గ్రూప్, బీరువా వేరే గ్రూప్. గ్రూప్ లోపల ఏదైనా మార్చాలంటే దాని మీద రెండుసార్లు క్లిక్ చేసి లోపలికి వెళ్లాలి.

ఇప్పుడు ఆమెను పది రోజులు మిర్యాలగూడ పిలిపించండి. మీ ఇంట్లోనే ఒక అర్ర తీసుకుని టేపుతో కొలవనివ్వండి. ఒక చివర మీరు పట్టుకోండి. నాలుగు గోడలే కాదు, ఎదురెదురు మూలలకు కూడా కొలవాలి. ఆ రెండు కొలతలూ కలవకపోతే గది వంకరగా ఉన్నట్టు. మన పాత ఇళ్లలో రెండు మూడు ఇంచుల తేడా వింతేమీ కాదు. తొమ్మిదించుల గోడ అంటాం గానీ రెండు వైపులా ప్లాస్టరింగ్‌తో పది ఇంచుల దాకా వస్తుంది. టేపు ఏం చెబితే అదే రాయాలి. దర్వాజ ఏ మూలకు ఎంత దూరంలో ఉంది, కిటికీ నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, సజ్జ ఎంత బయటికి వచ్చింది, స్విచ్‌బోర్డు ఎక్కడ, అన్నీ కాగితం మీదికి ఎక్కాలి.

తర్వాత స్కెచ్‌అప్ ఉచిత వెర్షన్ బ్రౌజర్‌లోనే తెరవచ్చు. సొంతంగా నేర్చుకోవడానికి అది చాలు, డబ్బు తీసుకుని చేసే పనికి మాత్రం వాడకూడదు. ఆర్ కీతో గది లోపలి కొలత గీయాలి. ఎఫ్ కీతో గోడ మందం బయటికి ఇవ్వాలి. రెండు గీతల మధ్య వచ్చిన పట్టీని పీ కీతో పది అడుగులు పైకి లాగితే గోడలు లేస్తాయి. దర్వాజ కోసం గోడ మీద మూడడుగులు బై ఏడడుగులు గీసి, పీ కీతో సరిగ్గా గోడ మందమంత లోపలికి తోయాలి. అర ఇంచు తక్కువైనా రంధ్రం పడదు, పలచటి పొర మిగిలిపోతుంది. గీత ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో ఒకటి చూపిస్తేనే సూటిగా ఉన్నట్టు. పైకి వెళ్లేది నీలం. గీత పక్కకు పోతుంటే పై బాణం కీ నొక్కితే నీలానికే కట్టుబడి ఉంటుంది. నెట్ సరిగ్గా రాకపోయినా కంప్యూటర్ పాతదైనా స్వీట్ హోమ్ త్రీడీ వేసుకోవచ్చు. అదీ ఉచితమే. పైన ప్లాన్ గీస్తుంటే కింద గది లేస్తూ కనిపిస్తుంది, భయం త్వరగా పోతుంది.

ఈ కంట్రోల్స్ రోజుకు రెండు గంటల చొప్పున పది రోజుల్లో చేతికి వస్తాయి. అందుకే ఈ కోర్సుల మీద నాకు మొదటి నుంచీ ఒక అనుమానం ఉంది. వాళ్లు అమ్మేది ఎక్కువగా మెరిసే బొమ్మలనే. సోఫా మీద ఎండ పడినట్టు, ఫాల్స్ సీలింగ్‌లో లైట్లు వెలిగినట్టు ఉండే ఆ చిత్రాలు ఇప్పుడు ఏఐ కూడా నిమిషంలో ఇస్తోంది. వడ్రంగి ఆ బొమ్మ చూసి ప్లైవుడ్ కోయలేడు. ఆయనకు కావాల్సింది అంకెలు. 12 అడుగులు బై 10 అడుగుల గదిలో పదడుగుల గోడకు రెండడుగుల లోతు బీరువా పెట్టారనుకోండి. ఎదుటి గోడకు ఆరున్నర అడుగుల మంచం తల ఆనిస్తే మధ్యలో 42 ఇంచులు మిగులుతుంది. మంచం తలపలక మందం నాలుగు ఇంచులు తీస్తే 38. ఏడడుగుల బీరువాకు నాలుగు తలుపులంటే ఒక్కోటి 21 ఇంచులు. తలుపు తెరిస్తే మనిషి నిలబడటానికి 17 ఇంచులే. బొమ్మలో ఈ గది అద్భుతంగా కనిపిస్తుంది, కాపురం చేసేవాళ్లకు రోజూ మోకాలు తగులుతుంది. ఈ లెక్క వేయగలిగే అమ్మాయికి పని దొరుకుతుంది.

ఇంకో సంగతి కూడా దాచను. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ లాంటి చోట్ల ఇల్లు కట్టుకునేవాళ్లు కప్‌బోర్డులకు డబ్బిస్తారు గానీ డ్రాయింగ్‌కు విడిగా ఇవ్వడం అరుదు. హైదరాబాద్‌లో మాడ్యులర్ కిచెన్ కంపెనీల్లో చేరితే మొదట్లో సైటుకు వెళ్లి కొలతలు తీయడం, కస్టమర్లతో మాట్లాడటం, కొన్నిచోట్ల అమ్మకాల టార్గెట్లు ఉంటాయి. ఎండలో తిరగాలి. ఆ కోర్సు సర్టిఫికెట్ లైసెన్సేమీ కాదు. ఆర్కిటెక్ట్ అని బోర్డు పెట్టుకోవాలంటే 1972 చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదై ఉండాలి, దానికి ఐదేళ్ల బీఆర్క్ చదవాలి. ఇంటీరియర్ డిజైనర్‌కు అలాంటి నమోదు లేదు. అందువల్ల ఎవరైనా బోర్డు పెట్టవచ్చు, ఎవరైనా ఇన్‌స్టిట్యూట్ కూడా పెట్టవచ్చు.

మీరు అడిగిన పోలికకు వస్తే, స్కెచ్‌అప్ ముందు, అది చేతికి వచ్చాకే ఆటోక్యాడ్. ఇంటివాళ్లకు చూపించేది మొదటిది, పనివాళ్ల చేతికి ఇచ్చేది రెండోది. ఉద్యోగాల్లో రెండూ అడుగుతారు.

కోపం తెచ్చుకోకండి గానీ మీకూ ఒక మాట. పిల్ల ఫోన్‌లో చెప్పుకున్న బాధ మీ మరిది కొడుకు దాకా ఎలా వెళ్లింది? అతను చేసే పని వేరు, ఇది వేరు. నలుగురిలో ఆ మాట పడ్డాక ఆమె క్లాసులో డౌట్ అడుగుతుందా? రెండు వారాలకే బ్యాంకు కోచింగ్ మాట ఎత్తితే, రేపు అక్కడ లెక్కలు రాకపోయినా ఇలాగే మారుస్తారా? బీకాం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపించకండి. ఎస్టిమేట్, జీఎస్టీ, బిల్లు తెలిసిన డిజైనర్లు తక్కువ. ఆ చదువు ఈ పనికీ అక్కరకొస్తుంది.

పది రోజులయ్యాక ఆమె గీసిన బీరువా కొలతల కాగితాన్ని మీకు తెలిసిన వడ్రంగి దగ్గరికి తీసుకెళ్లండి. దీన్ని బట్టి ఎన్ని ప్లైవుడ్ షీట్లు పడతాయో చెప్పగలడేమో అడగండి. షీటు ఎనిమిది బై నాలుగు అడుగులు. ఆయన తిరిగి అడిగే ప్రశ్నలన్నీ అమ్మాయే రాసుకోవాలి. వాటికి జవాబులు వెతకాలన్న ఆసక్తి ఆమెలో కనిపిస్తే, అప్పుడు ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లి గత బ్యాచ్ పిల్లలు గీసిన వర్కింగ్ డ్రాయింగ్, అంటే పనివాళ్ల చేతికి ఇచ్చే కొలతల బొమ్మ, చూపించమనండి, రంగు బొమ్మలు వద్దనండి. సైటుకు ఎన్నిసార్లు తీసుకెళ్తారో, ఒక్కొక్కరికి విడిగా కంప్యూటర్ ఇస్తారో లేదో రాతపూర్వకంగా అడగండి. నచ్చితే నెలనెలా వాయిదాల్లోనే కట్టండి. ఈలోగా ‘ఇవాళే ఆఖరు, ఫీజు పెరుగుతుంది’ అని ఫోన్లు వస్తాయి. పది రోజుల తర్వాత చెబుతామని పెట్టేయండి.